నీల్ ద్వీపంలో ఒక కుటుంబం నడిపే పర్యావరణహిత బస: గది చూసే ముందు బావి గురించి అడగండి

నమస్కారం అండి. మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. ఫిబ్రవరిలో మీరు, మీ వారు, ఎనిమిదేళ్ల పాప, అరవై ఎనిమిదేళ్ల మీ అత్తగారు కలిసి అండమాన్ వెళుతున్నారు. మొత్తం అయిదు రాత్రులు. నీల్ ద్వీపంలో పెద్ద రిసార్టు వద్దనుకుని, ఒక కుటుంబం సొంతంగా నడుపుకునే పర్యావరణహిత బసలో ఉండాలని మీ కోరిక. ఆ పేరు నిజమైనదో, పలక మీద రాసుకున్నది మాత్రమేనో ఎలా తెలుసుకోవాలి, పెద్దావిడకూ పాపకూ అక్కడ ఇబ్బంది అవుతుందా అన్నవి మీ రెండు సందేహాలు.

నా సమాధానం: తప్పకుండా ఉండండి. అయిదు రాత్రుల్లో మూడింటిని ఆ ఒక్క ఇంట్లోనే గడపండి, మొదటి రాత్రినీ చివరి రాత్రినీ పోర్ట్ బ్లెయిర్‌కు కేటాయించండి, పక్కనున్న పెద్ద ద్వీపం హేవ్‌లాక్‌ను ఈసారికి వదిలేయండి. డబ్బు కట్టే ముందు ఆ ఇంటివారికి ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: మీకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? మేము వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయి? ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన ఇల్లు, వెదురు గోడలు లేకపోయినా, పైన తాటాకు కప్పు లేకపోయినా, మీరు వెతుకుతున్న ఇల్లే.

ఈ రెండు ప్రశ్నలనే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలంటే నా పని గురించి కొంత చెప్పాలి. మా తాతగారు శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ చేరినవారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష, మాది వారిలో ఒక కుటుంబం. పట్టణానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ ఇంట్లో మేమింకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటాము. నీల్‌కు కూడా 2018 డిసెంబరు 30న షహీద్ ద్వీప్ అని పేరు పెట్టారు, కాబట్టి ఓడ టికెట్ల మీద మీకు ఆ పేరు కనిపిస్తే వేరే ఊరనుకోకండి. నేను పదిహేడేళ్లుగా చిన్న ద్వీపాల్లో బావులు, వాన నీటి తొట్లు, సెప్టిక్ ట్యాంకుల పని చూస్తున్నాను. పని మీద వెళ్లినప్పుడల్లా ఇలాంటి ఇళ్లలోనే దిగుతాను. అతిథిగా పడుకున్న గదికి వెనకవైపున ఏముందో మరుసటి రోజు పొద్దున మూత తీసి చూడడం నా వృత్తి.

నీల్ చాలా చిన్న ద్వీపం. వైశాల్యం 14 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు, 2011 లెక్కల్లో జనాభా మూడు వేల పైచిలుకు. ఊళ్ల పేర్లు రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. జెట్టీ దగ్గరి బజారును నీల్ కేంద్ర అంటారు. ఇక్కడి కుటుంబాలలో అధిక భాగం తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చి, ప్రభుత్వం చూపించిన నేలలో అడవి నరికి, వరి, కూరగాయలు, కొబ్బరి, వక్క పండించుకున్నవారి సంతానం. నేటికీ పోర్ట్ బ్లెయిర్ మార్కెట్‌కు వంకాయలు, పొట్లకాయలు, ఆకుకూరలు ఇక్కడి నుంచి ఓడల మీద వస్తాయి. అందుకే ఇక్కడి ఇంటి బస అంటే సాధారణంగా రోడ్డు వైపు ఇల్లు, దాని వెనక వక్క తోట, తోటలో నాలుగైదు గదులు, ఒక బావి, ఒక మూల చేపల కుంట, ఇంకో మూల ఆవులు. వ్యవసాయం ముందు వచ్చింది, అతిథులు తరువాత వచ్చారు. ఈ క్రమం ముఖ్యమైనది, ఎందుకంటే పొలానికీ పశువులకూ మీ స్నానానికీ అదే బావి.

ఇక నీళ్ల సంగతికి వస్తాను, కొంచెం వివరంగానే చెబుతాను. సున్నపురాయి, పగడపు ఇసుక ఉన్న చిన్న ద్వీపాల కింద మంచినీరు ఒక చెరువులాగా విడిగా ఉండదు. వాన నీరు భూమిలోకి ఇంకి, కిందనున్న ఉప్పునీటి మీద పలుచటి పొరలాగా తేలుతుంది, మంచినీరు తేలిక కాబట్టి. సముద్రమట్టం కంటే ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచి ఉంటే దాని కింద దాదాపు 40 అడుగుల లోతు వరకు మంచినీరు ఉంటుందని ఒక లెక్క. ఆ లెక్కను తిప్పి చదివితేనే అసలు భయం అర్థమవుతుంది: పైన ఒక అడుగు తోడేస్తే కింద నుంచి ఉప్పునీరు 40 అడుగులు పైకి జరగగలదు. ఏటా మూడు మీటర్ల వాన పడే చోట నీటి కరువు ఏమిటని మన వైపు వారు ఆశ్చర్యపోతారు. కానీ ఆ వాన ప్రధానంగా మే నెల మధ్య నుంచి డిసెంబరు దాకా కురుస్తుంది, పర్యాటకులేమో వానలు వెనక్కి తగ్గిన జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఎక్కువగా వస్తారు. బావి దిగిపోతున్న నెలలూ గదులు నిండే నెలలూ ఒకటే.

ఈ విషయంలో నాకు బాగా గుర్తున్న ఇల్లు ఒకటి ఉంది. నాలుగు గదులు బాగా నడుస్తున్నాయని ఆ ఇంటాయన మరో నాలుగు కట్టి, చేద బావికి పెద్ద మోటారు బిగించి, ప్రతి గదిలోనూ షవర్ పెట్టారు. రెండో ఏడాది మార్చి నెలాఖరుకు నీళ్లు నాలుకకు తగిలేంత ఉప్పగా మారాయి. అతిథులు ఫిర్యాదు చేశారు, అది చిన్న నష్టం. బావి పక్కనున్న తమలపాకు తీగలు, మిరప మళ్లు మాడిపోయాయి, అది ఆ కుటుంబానికి ఏడాది తిండి. నేను చూసి చెప్పగలిగింది ఒకటే: మోటారును చిన్నది చేసి, రోజంతా కొద్దికొద్దిగా తోడమని, షవర్లు తీసి బకెట్, చెంబు పెట్టమని. షవర్ కింద పది నిమిషాలు నిలబడితే 80 నుంచి 100 లీటర్లు పోతాయి, బకెట్ స్నానానికి 20 లీటర్లు చాలు. ఆ ఇంట్లో నీరు మళ్లీ తియ్యగా మారడానికి రెండు వానాకాలాలు పట్టింది. కాబట్టి మీరు దిగిన ఇంట్లో షవర్ లేకపోతే దాన్ని లోటుగా చూడకండి. అది ఆ ఇంటివారు తమ బావిని ఎరిగి నడుచుకుంటున్నారనడానికి గుర్తు.

వాన నీటి తొట్టి ఉందా అని కూడా అడగండి, ఉందని చెబితే ఎన్ని లీటర్లని అడగండి. వంద చదరపు మీటర్ల రేకుల కప్పు మీద ఏడాదిలో మూడు లక్షల లీటర్ల వాన పడుతుంది. అయిదో వంతు పోయినా రెండు లక్షల నలభై వేలు మిగలాలి. అయితే దాన్ని నిలవ చేసే చోటు ఉండదు. పదివేల లీటర్ల సిమెంటు తొట్టి నిండుగా ఉన్నా, నాలుగు ఎండు నెలలకు పంచితే రోజుకు 83 లీటర్లు వస్తాయి. ఇది వంటకూ తాగడానికీ సరిపోతుంది, స్నానాలకు సరిపోదు. ఈ లెక్క తెలిసిన ఇంటివారు తొట్టి నీళ్లను వంటింటికే ఉంచి, బావి నీళ్లను స్నానాలకు ఇస్తారు. మీకు కాచి వడపోసిన నీళ్లు స్టీలు బిందెలో పెడతారు. సీసాలు కొనుక్కోకుండా ఆ నీళ్లే తాగండి, మీ అత్తగారికి ఇంకా కాచిన నీళ్లు కావాలంటే అడగండి, సంతోషంగా ఇస్తారు.

రెండో ప్రశ్న మురుగునీటిది. ఇది అడగడానికి చాలామంది మొహమాటపడతారు, పడకండి. పగడపు ఇసుక నేల జల్లెడ వంటిది. సెప్టిక్ ట్యాంకు నుంచి వెలువడిన నీరు మట్టిలో ఆగి శుభ్రపడేలోగానే బావిలోకో సముద్రంలోకో చేరుకుంటుంది. మామూలు నేలల్లో బావికీ ఇంకుడు గుంతకూ మధ్య కనీసం 15 మీటర్లు ఉండాలని అంటారు, నేను ఇక్కడ 20కి తగ్గకుండా పట్టుబడతాను, అదీ నేల వాలుకు బావి ఎగువన ఉంటేనే. తీరానికి దగ్గరగా ఉన్న బసల నుంచి కారే మురుగు మరో నష్టం చేస్తుంది. అందులోని నత్రజని వల్ల నాచు పెరిగి పగడాలను కమ్మేస్తుంది. 2010లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారాయి. అలా దెబ్బతిన్న దిబ్బలు కోలుకోవాలంటే నీరు నిర్మలంగా ఉండాలి, నాచు పేరుకుంటే పిల్ల పగడాలు అంటుకోవడానికి రాతి మీద చోటు దొరకదు. మీరు చూడడానికి వెళ్లే పగడాల బతుకు ఆ విధంగా మీ స్నానాల గది గొట్టం మీద ఆధారపడి ఉంది.

మంచి ఇళ్లలో ఏం చేస్తారో కూడా చెబుతాను. మరుగుదొడ్డి నీళ్లను మూడు అరల ట్యాంకులోకి పంపుతారు. స్నానపు నీళ్లను, గిన్నెలు కడిగిన నీళ్లను విడిగా తీసి, కంకర పరిచిన కాలువ గుండా అరటి, చేమ, మెట్టతామర మొక్కల మడిలోకి వదులుతారు. ఆ అరటి గెల మీ పళ్లెంలోకే వస్తుంది. అలాంటి ఇంట్లో స్నానాల గదిలో ఘాటైన ఆమ్లం వాసన రాదు, ఎందుకంటే మరుగుదొడ్లు కడిగే ఆమ్లం ట్యాంకులోని మంచి సూక్ష్మజీవులను చంపేస్తుందని వారికి తెలుసు. గది కొంచెం మరకలుగా కనిపించవచ్చు, దానిని మురికి అనుకోవద్దు. తడి తుడుపు కాగితాలు, డయపర్లు, శానిటరీ ప్యాడ్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ అందులో వేయకండి. ఒక్క ప్యాడ్ అడ్డుపడితే ఆ ఇంటి పెద్దకొడుకు చేతితో తీయాల్సి వస్తుంది, అది నేను కళ్లారా చూశాను.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. కుటుంబం నడుపుతున్నది కాబట్టి పర్యావరణహితమే అని నమ్మకండి. ఒకసారి నా స్నేహితుల కుటుంబాన్ని, ఇంటివారి మంచితనం చూసి, బావి చూడకుండానే ఒక బసకు పంపాను. ఇంకుడు గుంతకూ బావికీ మధ్య ఏడు అడుగులే ఉన్నాయని తరువాత తెలిసింది. ముగ్గురికి విరేచనాలు పట్టుకుని మూడు రోజులు మంచం దిగలేదు. తప్పు నాది, నేను చూసి ఉండవలసింది. దీనికి ఎదురుగా, నీళ్లు శుద్ధిచేసే యంత్రాంగాన్ని సరిగా నడుపుకుంటున్న పెద్ద హోటళ్లు కూడా ఉన్నాయి. నిర్లక్ష్యంగా నడిచే ఇంటి బస కంటే అవే మేలు. అయితే మంచి ఇంటి బసలో ఒక్కో అతిథికి అయ్యే నీటి ఖర్చు, కరెంటు ఖర్చు ఎంతో తక్కువ, మీరిచ్చే డబ్బు ఆ ఊళ్లోనే ఉండిపోతుంది. నేను దాన్నే ఎంచుకోవడానికి కారణం ఇదే.

కరెంటు గురించి క్లుప్తంగా చెబుతాను. ఈ ద్వీపాల్లో విద్యుత్తు అధిక భాగం డీజిల్ జనరేటర్ల నుంచి వస్తుంది, ఆ డీజిల్ ఓడ మీద రావాలి. ఒక ఏసీ రాత్రికి 9, 10 యూనిట్లు కాలిస్తే జనరేటర్ దగ్గర దాదాపు 3 లీటర్ల డీజిల్ ఖర్చయినట్లు లెక్క. ఫిబ్రవరి రాత్రుల్లో సముద్రపు గాలి ఉంటుంది, ఫ్యాను, దోమతెర చాలు. మీ అత్తగారికి ఉక్కపోత పడదంటే రెండు వైపులా కిటికీలున్న గది అడగండి. రేకుల కప్పు నేరుగా నెత్తిన ఉన్న గది వద్దు, మధ్యాహ్నం కాలిపోతుంది. కప్పు కింద వెదురు తడికె గానీ చెక్క గానీ పరిచి ఉండాలి. ఫోను సంకేతాలు బలహీనంగా ఉంటాయి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన తీగ 2020 ఆగస్టులో పోర్ట్ బ్లెయిర్‌కూ హేవ్‌లాక్‌కూ చేరింది, ఆ తీగ దిగిన ద్వీపాల జాబితాలో నీల్ లేదు. అక్కడి నుంచి ఆఫీసు పని చేసుకుంటానని మీ వారు అనుకుంటుంటే ముందే మానిపించండి.

పెద్దావిడ విషయంలో గదికంటే ప్రయాణం గురించి ఎక్కువ ఆలోచించాలి. పోర్ట్ బ్లెయిర్ నుంచి నీల్ సుమారు 37 కిలోమీటర్లు. ప్రభుత్వ ఓడ అయితే రెండు గంటలు, ప్రైవేటు ఓడలైతే గంట, గంటన్నర. ప్రైవేటు ఓడలు వేగమైనవే గానీ అద్దాలు మూసి ఉంటాయి, కెరటం ఉన్న రోజున వాంతులు ఎక్కువ. ప్రభుత్వ ఓడలో పైకి వచ్చి గాలిలో కూర్చోవచ్చు. పొద్దుటి ఓడ ఎంచుకోండి, అప్పుడు సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. వాంతుల మాత్ర ఆవిడకు పడుతుందో లేదో, ముఖ్యంగా రక్తపోటు మందులు వాడుతుంటే, హైదరాబాదులోనే మీ డాక్టరును అడిగి రండి. నీల్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది, పెద్ద అవసరం వస్తే మాత్రం పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రికే రావాలి. కాబట్టి రోజువారీ మందులు అయిదు రోజులకు కాక పది రోజులకు సరిపడా తెచ్చుకోండి. వాతావరణం మారితే ఓడలు రద్దవుతాయి. నీల్ నుంచి ఓడ దిగిన రోజునే తిరుగు విమానం పెట్టుకోవద్దని నేను గట్టిగా చెబుతున్నది అందుకే.

గది అడిగేటప్పుడు కమోడ్ ఉందా, స్నానాల గది గదికి కలిసే ఉందా, మెట్లు ఎన్ని అని మూడూ స్పష్టంగా అడగండి. కొన్ని తోట గదులు స్తంభాల మీద కడతారు, అయిదారు చెక్క మెట్లకు పట్టుకునేందుకు కమ్మీ ఉండదు. రాత్రి పూట తోటలో దీపాలు తక్కువ, చేతిలో టార్చి ఉండాలి. తాబేళ్లు గుడ్లు పెట్టే నెలల్లో తీరం వైపు వెలుగు పడితే పిల్ల తాబేళ్లు సముద్రమనుకుని ఆ వెలుగు వైపు నడుస్తాయి. అందుకే కొందరు కావాలనే చీకటిగా ఉంచుతారు, దానిని పిసినారితనంగా భావించకండి.

భోజనం విషయంలో మీ అత్తగారు శాకాహారి అని రాశారు, దానికి దిగులు అవసరం లేదు. బెంగాలీ ఇళ్లలో అరటిపువ్వు, అరటి దూట, గుమ్మడి పూలు, పొట్లకాయ, చేమాకు వండని వారం ఉండదు. అరటిపువ్వు కూర తిని మా అమ్మ "అచ్చం మన ఆవ కూరలా ఉంది" అన్నారు. వంటంతా ఆవనూనెతో ఉంటుంది, అలవాటు లేనివారికి మొదటి పూట వాసన ఎక్కువగా అనిపిస్తుంది. ముందే చెబితే కొబ్బరినూనెతోనో మరో నూనెతోనో చేసిపెడతారు. చేప, కూర ఒకే బాణలిలో వండవద్దని ఆవిడ కోరుకుంటే ఆ మాట దిగిన రోజే వంటింటావిడకు మర్యాదగా చెప్పండి, మధ్యలో అడగకండి. నీల్‌లో అందరికీ హిందీ వచ్చు. ఇంటావిడను బౌదీ (వదిన) అని, ఆయనను దాదా (అన్న) అని పిలిస్తే ఇల్లు మీదవుతుంది. ఏ పూట ఎంతమంది తింటారో నాలుగైదు గంటల ముందు చెప్పడం అన్నిటికంటే పెద్ద సాయం, ఎందుకంటే అక్కడ మిగిలిన అన్నం పశువులకు పోతుంది గానీ మిగిలిన చేప ఊరికే చనిపోయినట్లే. మీరు చేప తింటారు కనుక వంజరం, ట్యూనా వంటి బయటి సముద్రంలో తిరిగే చేపలు అడగండి, పగడాల దగ్గర బతికే రంగురంగుల చిలుక చేపను అడగవద్దు. అది పగడపు రాయిని గీకి నాచు తిని, తిన్న రాయిని ఇసుకగా విడుస్తుంది. మీ పాప ఆడుకునే తెల్లటి ఇసుకలో దాని వాటా ఉంది.

పాప విషయంలో నాకు ఒకే ఒక్క భయం ఉంది, అది పాటు సమయంలో, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గే వేళ. నీటి మట్టం దిగినప్పుడు లక్ష్మణ్‌పూర్ దగ్గర, భరత్‌పూర్ దగ్గర పగడపు దిబ్బ చాలా దూరం వరకు బయటపడుతుంది. పిల్లలు గబగబా దాని మీదికి పరుగెత్తుతారు. కాలు పెట్టిన ప్రతి చోటా ఏళ్ల తరబడి పెరిగిన పగడం విరుగుతుంది. గుంటల్లో ముళ్ల జీవులు, రాయిలా కనిపించే విషపు చేప కూడా ఉండవచ్చు. గట్టి అడుగు ఉన్న చెప్పులు వేయించి, ఇసుక దారి మీదే నడిపించి, గుంట అంచున కూర్చోబెట్టి చూపించండి. నక్షత్ర చేపను చేతిలోకి తీసుకోనివ్వకండి. మొసళ్ల గురించి కూడా దాచకుండా చెబుతాను: ఈ ద్వీపాల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, కాబట్టి హెచ్చరిక పలక ఉన్న చోట, మడ అడవి ఉన్న వాగు మొగ దగ్గర నీళ్లలోకి దిగకండి. ఏ తీరంలో ఆ వారం దిగవచ్చునో మీ ఇంటివారికి తెలుస్తుంది, రోజూ వారినే అడగండి.

ఎండకు పూసుకునే క్రీముల్లో ఉండే ఆక్సీబెంజోన్ పగడాలకు హానికరమని హవాయిలో 2021 జనవరి నుంచి అమ్మకం నిషేధించారు. పాపకు పొడుగు చేతుల ఈత దుస్తులు, టోపీ ఉంటే క్రీము అవసరం చాలావరకు తీరిపోతుంది. ఇసుక ఈగలు సాయంత్రం వేళ కరుస్తాయి, దురద రెండు మూడు రోజులు వదలదు. తీరానికి వెళ్లే ముందు కాళ్లకు, చేతులకు కొబ్బరినూనె దట్టంగా రాయడం మా ఇళ్లలో అందరూ చేసే పని. ఇంకొకటి, గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకుని జేబులో వేసుకోవడం పిల్లలకు సహజం. కానీ పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి, చచ్చిన ముక్కను తెచ్చినా నేరమే, విమానాశ్రయంలో సంచులు తనిఖీ చేసి తీసేస్తారు. ముందు రోజే పాపకు చెప్పి, ఏరినవాటిని ఫొటో తీసి అక్కడే వదిలేయడం ఆటగా మార్చండి. అదృష్టం బాగుంటే సముద్రపు గడ్డి మేసే డూగాంగ్ కనిపించవచ్చు, దాన్నే అండమాన్ నికోబార్ తన జంతువుగా ప్రకటించుకుంది. నాకు పదిహేడేళ్లలో రెండు సార్లే కనిపించింది, రెండు సార్లూ దూరంగా వీపు మాత్రమే.

చెత్త గురించి అడగడం మీరు మరిచిపోయారు, అందుకని నేనే చెబుతున్నాను. నీల్‌లో పారేసిన ప్లాస్టిక్‌కు పోవడానికి చోటు లేదు. ఇంటి వెనక కాలుస్తారు, లేదా గోతిలో వేస్తారు, వానకు అది సముద్రంలోకి వెళుతుంది. షాంపూ పొట్లాలు, బిస్కెట్ కవర్లు, బ్యాటరీలు ఒక సంచిలో వేసుకుని వెనక్కి తీసుకెళ్లండి. మీ అత్తగారికి కావలసిన పచ్చళ్లు, పొడులు సీసాల్లో కాక స్టీలు డబ్బాల్లో తెస్తే డబ్బా ఖాళీ చేసి ఆ ఇంటావిడకే ఇచ్చి రావచ్చు. నేను ప్రతిసారీ గోంగూర పచ్చడి తీసుకెళతాను. నేను వెళ్లే ఇంట్లో దానికోసమే ఒక డబ్బా ఉంది.

ఇంటివారితో మెలగడం గురించి రెండు మాటలు. ఇల్లు వేరు, గదులు వేరు, కానీ వంటిల్లు ఒక్కటే. చెప్పులు బయట వదలండి, తులసి కోట దగ్గర తడి బట్టలు ఆరవేయకండి, ఇంటి పిల్లలను అడగకుండా ఫొటోలు తీయకండి. అద్దె ముందే మాట్లాడుకోండి, చివరి రోజున బేరం చేయకండి. వానాకాలమంతా ఆ గదులు ఖాళీగా ఉంటాయి, చెదలు పట్టిన చెక్క మార్చాలి, తొట్టి కడగాలి. మీరు ఫిబ్రవరిలో ఇచ్చేది ఆగస్టులో ఖర్చవుతుంది. నగదు సరిపడా తీసుకెళ్లండి, సంకేతాలు లేని రోజున ఫోనులో చెల్లింపులు జరగవు.

ఈ బస ఎవరికి పనికిరాదో కూడా చెప్పడం న్యాయం. రాత్రి తొమ్మిది తరువాత భోజనం కావాలనుకునేవారు, రోజుకు రెండుసార్లు దుప్పట్లు మార్చాలనేవారు, నిశ్శబ్దంలో నిద్రపట్టనివారు అక్కడ సుఖపడరు. డిసెంబరులో సాయంత్రం అయిదుకే సూర్యాస్తమయం అవుతుంది, ఫిబ్రవరిలో ఇంకో అరగంట ఆలస్యం. ఎనిమిదిన్నరకు ఊరు పడుకుంటుంది, నాలుగున్నరకు కోళ్లు లేపుతాయి. మీ అత్తగారికి అది ఇబ్బంది కాదనే నా నమ్మకం. పల్లెలో పెరిగిన పెద్దవారు ఇలాంటి ఇళ్లలో మనకంటే తొందరగా కుదురుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఒకసారి కాకినాడ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ రెండో రోజుకే బావి గట్టున కూర్చుని, భాష రాకపోయినా, ఇంటావిడతో కలిసి చేమదుంపలు చెక్కు తీశారు.

తేదీలు ఇంకా ఖాయం చేయలేదన్నారు కదా, పంచాంగం చూసి ఖాయం చేయండి. పౌర్ణమి, అమావాస్యలకు అటూ ఇటూ రెండు మూడు రోజులు పోటు బాగా పైకి వస్తుంది, పాటు బాగా కిందికి పోతుంది. ఆ రోజుల్లో పాప గట్టు మీది నుంచే గుంటల్లో జీవులను చూడగలదు గానీ ఈతకు నీళ్లు చాలవు, పగడాలు కాళ్లకు తగులుతాయి. సప్తమి, అష్టముల దగ్గర నీటి మట్టం పెద్దగా మారదు, ముఖానికి అద్దం పెట్టుకుని నీటి మీద తేలుతూ చూడడానికి అవి అనువైన రోజులు. పాపకు ఈత వచ్చా రాదా అన్నది మీరు రాయలేదు. వస్తే అష్టమి కలిసేలా మూడు రాత్రులు పెట్టుకోండి, రాకపోతే పౌర్ణమి కలిసేలా పెట్టుకోండి. బసలో గది ఖాళీ ఉందో లేదో కనుక్కునే ముందే ఇది నిర్ణయించుకుంటే ఓడ టికెట్లు కూడా ఆ ప్రకారమే తీసుకోవచ్చు.